కాలు తియ్యొద్దు నాయనా

మా నాయన చెప్పులేసుకుని బండి నడపగా నేనెప్పుడూ చూడలేదు. హార్బర్‌లో కంటైనర్ ట్రెయిలర్లు తోలిన ముప్పై ఏళ్లూ అంతే, ఆ తర్వాత ఒక ఇంట్లో కారు డ్రైవరుగా చేరాకా అంతే. డోరు తీసి కూర్చోవడం, చెప్పులు విప్పి సీటు పక్కన పెట్టుకోవడం, ఒట్టి పాదంతో మూడు పెడళ్లనూ ఒకసారి తడిమి చూసుకోవడం, ఆ తర్వాతే తాళం తిప్పడం. మేముండే తొండియార్‌పేట చుట్టుపక్కల ట్రెయిలర్ డ్రైవర్లలో చాలామందికి ఈ అలవాటుంది. బూట్లేసుకుని బండి తోలేవాణ్ణి వాళ్లు డ్రైవరు కింద లెక్కెయ్యరు. "చేతికి గ్లౌజు తొడుక్కుని అన్నం తింటే రుచి తెలస్తాదా?" అనేవాడు నాయన.

బ్రేకు విషయంలో ఆయనకొక సూత్రం ఉండేది. "బ్రేకుని అడిగి తీసుకోవాల. లాక్కోకూడదు." వెనకాల నలభై అడుగుల డబ్బా ఉన్నప్పుడు, రోడ్డు తడిగా ఉన్నప్పుడు, ఒక్కసారిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి. బిగుసుకున్న చక్రం దొర్లదు, జారుతుంది. జారే చక్రం స్టీరింగ్ మాట వినదు. అందుకని కొంచెం తొక్కాలి, బండి అదిరినట్టనిపిస్తే కాలు తియ్యాలి, మళ్లీ తొక్కాలి. అదురు తెలిసిన మరుక్షణం కాలు లేచిపోవాలి, ఆలోచించకూడదు. ముప్పై ఏళ్లలో ఆయన చేతిలో ఒక్క యాక్సిడెంటు జరగలేదు. అది ఆయన చెప్పుకునేవాడు కాదు, మా అమ్మ చెప్పేది, ఊరంతా వినేట్టు.

నా ఉద్యోగం అంబత్తూరులో. కంపెనీ బస్సు ఎక్కితే గంటంబావు. మేం చేసేది కార్లలో బ్రేకులను నడిపించే యూనిట్. చూడ్డానికి అరచేతి కన్నా కాస్త పెద్దదైన అల్యూమినియం దిమ్మ, దాని లోపల పన్నెండు చిన్న వాల్వులు, ఒక పంపు, ఒక పక్కన మోటారు, ఇంకో పక్కన దాని బుర్ర. నేను ఆఖరి టెస్టింగు దగ్గర కూర్చుంటాను. దిమ్మను మెషీన్లో బిగిస్తే ఒక్కొక్క వాల్వూ టిక్కుమని తెరుచుకుని మూసుకుంటుంది. పన్నెండు టిక్కులూ సరిగ్గా పడితే పచ్చ లైటు. ఒక్కటి ఆలస్యమైనా ఎర్ర లైటు. ఎర్ర లైటు పడ్డవాటిని ఎర్ర డబ్బాలో వెయ్యడం, పచ్చవాటికి స్టిక్కరు అంటించడం. తొమ్మిదేళ్లుగా ఇదే పని. నా చేతుల మీదుగా ఎన్ని దిమ్మలు పోయాయో లెక్కలేదు, అవి ఏ కార్లలో ఎవరి కాళ్ల కింద ఉన్నాయో అంతకన్నా తెలియదు.

చేరిన కొత్తలో ట్రైనింగులో చెప్పారు. నాలుగు చక్రాల దగ్గరా నాలుగు సెన్సర్లు ఉంటాయి, ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో క్షణక్షణం చెప్తుంటాయి. డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు. మూడు చక్రాలు మామూలుగా నెమ్మదిస్తున్నాయి, ఒకటి మాత్రం ఉన్నట్టుండి ఆగిపోబోతోంది. అంటే ఆ చక్రం బిగుసుకోబోతోందని అర్థం. వెంటనే దిమ్మలో ఆ చక్రం తాలూకు వాల్వు తెరుచుకుని ఒత్తిడి కొంచెం వదులుతుంది. చక్రం మళ్లీ దొర్లుతుంది. మళ్లీ ఒత్తిడి ఇస్తుంది. సెకనులో పది పన్నెండుసార్లు ఈ తొక్కడం, వదలడం. నాయన కాలు చేసే పనే, కాకపోతే నాలుగు చక్రాలకూ వేరువేరుగా, మనిషి రెప్ప వేసేలోపు.

ఇంత దగ్గర పోలిక ఉన్నా నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో నా ఉద్యోగాన్ని "కంపెనీ" అనేవాళ్లు, అక్కడితో సరి. క్యాంటీన్లో ఏం పెట్టారని అమ్మ అడిగేది. నాయన అదీ అడిగేవాడు కాదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ దిమ్మ పని చేస్తుండగా దాని పైన కూర్చుని చూసిన అనుభవం నాకు ఒక్కసారీ లేదు. మాకు కారు లేదు, నాకు కారు నడపడం రాదు. మిఠాయి కొట్లో పనిచేస్తూ తీపి తినని మనిషి లాంటి దాన్ని.

నాయన ట్రెయిలర్లు మానేశాక కీల్పాక్‌లో ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఇంట్లో కారు డ్రైవరుగా కుదిరాడు. ఆవిడను టీచరమ్మ అనేవాళ్లం. ఒంటరి మనిషి, డెబ్బై దాటింది, తమిళావిడ. నాయన తమిళంలోనే మాట్లాడేవాడు, కోపం వస్తే మాత్రం తెలుగులో గొణుక్కునేవాడు. ఆవిడను బ్యాంకుకు, గుడికి, ఆస్పత్రికి తీసుకుపోవడం పని. మొదట పాత కారు ఉండేది, తర్వాత ఆవిడ దాన్ని ఇచ్చేసి కొత్తది కొన్నారు. షోరూమ్ కుర్రాడు ఏబీఎస్ ఉంది, స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, ట్రాక్షన్ కంట్రోల్ ఉందని వరసగా చదివితే, నాయన పెళ్లిమంత్రాలు విన్నట్టు విని తలాడించి, హారన్ ఎట్లా ఉందో కొట్టి చూసి, కారు తీసుకొచ్చాడు.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో అది జరిగింది. తిరువొత్తియూరు గుడికి వెళ్లి పొద్దున పదిగంటలప్పుడు తిరిగొస్తున్నారు. సన్నగా వాన. ముందు ఒక కంటైనర్ లారీ పోతోంది, అది ఉన్నట్టుండి ఆగింది. నాయన బ్రేకు తొక్కాడు. కారు దాదాపు ఆగేదే, కానీ ఆగలేదు. జారుకుంటూ పోయి లారీ వెనక ఇనుప కడ్డీకి తగిలింది. బంపరు పగిలింది, నంబరు ప్లేటు వంగింది. టీచరమ్మ బెల్టు పెట్టుకుని ఉన్నారు కాబట్టి ఆవిడకేమీ కాలేదు, చేతిలో ఉన్న పొట్లంలోని విభూతి మాత్రం ఒళ్లంతా పడింది.

ఆవిడ ఒక్కమాట అనలేదు. బంపరు మార్పించుకు రమ్మన్నారు. నాయన మార్పించుకు వచ్చి, కారు షెడ్డులో పెట్టి, తాళాలు ఆవిడ చేతికిచ్చి, "వయసైపోయిందమ్మా, ఇంక చాలు" అని బస్సెక్కి ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాత పది రోజులు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. మా ఇల్లు రెండు గదులు, తిరగడానికి అంత చోటు కూడా లేదు. "ఏమయ్యా, ఇంట్లో కూడా గేర్లు మారుస్తుండావా? ఒక తావున కూర్చో," అని అమ్మ విసుక్కుంది. బంపరు పగిలినందుకు ఇంత చెయ్యాలా అని నేనూ అనుకున్నాను. ముప్పై ఏళ్ల పేరు ఒక్క కడ్డీకి తగిలి పోయిందని రోషం పడుతున్నాడనుకున్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడని వదిలేశాను.

ఒక ఆదివారం పొద్దున వాకిట్లో గడప మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకుని, అమ్మ పిన్నీసుతో అరికాలు గుచ్చుకుంటున్నాడు. ఒక చోట గుచ్చడం, కళ్లు మూసుకోవడం, ఇంకో చోట గుచ్చడం.

"ఏం చేస్తుండావు నాయనా?"

"ఏం లేదు పాపా. చుమ్మా, ఊరికే."

నేను పిన్నీసు లాక్కున్నాను. ఆయనకు షుగరు వచ్చి అప్పటికి పదేళ్లు. సాయంత్రమైతే పాదాలు తిమ్మిరెక్కుతాయని, చీమలు పాకినట్టుంటుందని అప్పుడప్పుడూ అనేవాడు. మేం విని ఊరుకునేవాళ్లం. పక్కన కూర్చుని గట్టిగా అడిగాను. వీధి వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ పొద్దు కాలు నాది కాకుండా పోయింది పాపా. బ్రేకు మీద పెట్నా. పెట్టీపెట్టకముందే దడదడదడా కొట్టుకునింది. నేను ఆపుదామన్నా ఆగలా. నరం ఏందో లాగేసిందనుకున్నా. భయమేసి తీసేసినా. ఆ తీసినందుకే పోయి తగిలింది."

"కొట్టుకునింది కాలా, పెడలా?"

"పెడల్ యాడన్నా కొట్టుకుంటాదా?"

నేను నవ్వాను. నవ్వకూడదు, కానీ ఆగలేదు. ఆయన ముఖం చూసి మానేసి, లోపలికి వెళ్లి కాగితం, పెన్ను తెచ్చాను. నాలుగు చక్రాలు గీశాను, మధ్యలో దిమ్మ గీశాను, గొట్టాలు గీశాను. వాల్వు తెరుచుకున్నప్పుడు బ్రేకు ఆయిలు వెనక్కి తన్నుతుందని, ఆ తన్నుడు గొట్టం వెంబడి పెడల్ దాకా వచ్చి కాలికి తగులుతుందని, అది బండి పని చేస్తోందనడానికి గుర్తని చెప్పాను. అప్పుడు చెయ్యాల్సిందల్లా కాలు తియ్యకుండా అట్లాగే బలంగా తొక్కి పట్టుకోవడమే, మిగిలింది దిమ్మ చూసుకుంటుంది. ఆ దిమ్మనే నేను రోజూ చేస్తున్నానని చెప్పాను. కాగితాన్ని ఆయన చాలాసేపు చూశాడు.

"తాతకు దగ్గులు నేర్పుతుండావా?" అన్నాడు చివరికి.

"నేర్పట్లా నాయనా. ఉండేది చెప్తుండా."

"నాకు ధైర్యం చెప్పేదానికి చెప్తుండావు. మంచిదే. టీచరమ్మ ఎనక సీట్లో కూర్చోనుంటాది పాపా. నీ బొమ్మలు నమ్మి ఆమెను కూర్చోబెట్టుకోలేను."

దాంతో నాకు కోపం వచ్చింది. తొమ్మిదేళ్ల ఉద్యోగాన్ని బొమ్మలన్నాడని కోపం, ఇంత సులువైన విషయం అర్థం చేసుకోడేమని కోపం. ఇప్పుడు ఆలోచిస్తే కోపం కన్నా భయమే ఎక్కువ ఉండి ఉంటుంది. డ్రైవరు కాని నాయన ఎట్లా ఉంటాడో ఆ పది రోజుల్లో చూశాను. అన్నం ముందు కూర్చుని అన్నం ఎందుకు పెట్టారన్నట్టు చూసేవాడు.

మర్నాడు సెలవు పెట్టి కీల్పాక్ వెళ్లాను. టీచరమ్మ వరండాలో గంటసేపు వాదించాను. అదే కాగితం, అవే చక్రాలు. ఆవిడ లెక్కల టీచరు, నాయన కన్నా తొందరగా పట్టుకున్నారు. "అంటే ఆ రోజు మీ నాన్న కాలు తియ్యకపోతే బండి ఆగేది" అన్నారు. ఆగేదని చెప్పాను. "మీ నాన్న కాలికి ఏమీ లేదంటావు." లేదని చెప్పాను. అంత గట్టిగా చెప్పడానికి నాకేం అర్హత ఉందో ఆవిడ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. ఆదివారానికి కారు ఇచ్చారు.

తిరువొత్తియూరు అవతల ఒక ఖాళీ కంటైనర్ యార్డు ఉంది. అక్కడి వాచ్‌మన్ నాయనతో కలిసి బండ్లు తోలినవాడు. ఆదివారం పొద్దున లోపలికి పోనిచ్చాడు. రాత్రి వాన కురిసి సిమెంటు నేలంతా తడిగా ఉంది, మీద సన్నటి ఇసుక. ఇంతకన్నా జారే చోటు అడిగినా దొరకదు. ఒక ఖాళీ డ్రమ్ము తెచ్చి నడిమధ్యలో పెట్టాం. నాయన చెప్పులు విప్పాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

"నలభై దాకా రా. డ్రమ్ము దగ్గరికి వచ్చినాక తొక్కు. కాలు తియ్యొద్దు."

వచ్చాడు, తొక్కాడు. కారు కింద గరగరమని, రాళ్ల మీద రేకు ఈడ్చినట్టు శబ్దం. నా జీవితంలో మొదటిసారి విన్నాను ఆ శబ్దం. టెస్టింగ్ మెషీన్లో టిక్కు టిక్కుమనే పన్నెండు వాల్వులు ఒక్కసారిగా మోగితే అట్లా ఉంటుందని నాకు తెలియదు. నాయన కాలు ఎగిరి పైకొచ్చేసింది. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది.

"తీసినావు."

"తెలస్తాండాది. నేను తియ్యలా. అదే లేచిపోయింది."

ముప్పై ఏళ్లు ప్రాణం కాపాడిన అలవాటు ఒక్క ఆదివారంతో పోదు. డ్రమ్ము మళ్లీ నిలబెట్టాం. రెండోసారీ తీశాడు. మూడోసారి నేను నా చేత్తో ఆయన మోకాలి మీద ఒత్తి పట్టుకున్నాను. కాలి లోపల ఆ దడదడ నా చేతికి కూడా తెలిసింది. కారు ముక్కు కిందికి దించుకుని, తిన్నగా, డ్రమ్ముకు జానెడు ముందు ఆగింది.

నాయన కాలు తియ్యలేదు. ఆగిపోయాక కూడా తొక్కి పట్టుకునే ఉన్నాడు.

"ఇది బండిదా?"

"బండిదే."

"నాది కాదు."

"నీది కాదు నాయనా."

ఆయన స్టీరింగ్ మీద తల ఆనించాడు. నాకు అంత సంతోషం మా కంపెనీలో జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు. సంతోషంతో పాటు గర్వం కూడా, చూశావా నా బొమ్మలు అని. ఆ గర్వం సంగతి కూడా దాచడం ఎందుకు.

ఆ తర్వాత ఆయన్ను ఆపడం నా వల్ల కాలేదు. పది పన్నెండుసార్లు బ్రేకు వేశాడు. బ్రేకు తొక్కి పట్టుకునే స్టీరింగ్ తిప్పి డ్రమ్మును తప్పించాడు. చక్రం బిగుసుకుని ఉంటే అది కుదిరే పని కాదని ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అందుకే చిన్నపిల్లాడిలా రెండుసార్లు చేసి చూశాడు. ఇసుక కుప్పలో ముందు చక్రం ఒకటి పెట్టి యాక్సిలరేటర్ తొక్కమన్నాను. ఉత్తినే గిర్రున తిరగబోయిన చక్రాన్ని కారే తన బ్రేకుతో పట్టుకుని, ఇంజను జోరు తగ్గించి, బలాన్ని గట్టి నేల మీదున్న చక్రానికి పంపి బయటకు వచ్చింది. వేగంగా వచ్చి డ్రమ్ము పక్కన ఒక్కసారిగా తిప్పితే వెనక భాగం పక్కకు జారబోయింది. డ్యాష్‌బోర్డు మీద వంకర గీతలున్న కారు బొమ్మ మిణుకుమంది. ఎక్కడో ఒక్క చక్రం చిటికెలో పట్టి వదిలినట్టయింది, కారు దారిలోకొచ్చేసింది.

"ఇప్పుడు ఏం చేసింది?"

స్టీరింగ్ ఎటు తిప్పారో చూసే సెన్సరు ఒకటి, కారు నిజంగా ఎటు తిరుగుతోందో చూసే సెన్సరు ఇంకొకటి ఉంటాయని చెప్పాను. ఆ రెండూ కలవకపోతే డ్రైవరు అనుకున్న దారి వేరు, బండి పోతున్న దారి వేరు అని దానికి తెలుస్తుంది. అప్పుడు ఏ ఒక్క చక్రం పట్టుకుంటే బండి తిరిగి దారిలోకొస్తుందో ఆ ఒక్కదాన్నే పట్టుకుంటుంది. మలుపులో వెనక భాగం బయటికి జారితే మలుపుకు బయటి వైపున్న ముందు చక్రం, బండి తిరగకుండా ముందుకే పోతుంటే లోపలి వైపున్న వెనక చక్రం.

నాయన ఆలోచించి, "మనిషికి బ్రేకు మీద ఒకటే కాలు. దీనికి నాలుగు," అన్నాడు. నేను ట్రైనింగులో రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నది అదే.

అప్పుడు ఆయన దిగి నన్ను కూర్చోబెట్టాడు. "తొమ్మిదేండ్లుగా చేస్తుండావు గదా, తొక్కి చూడు." ఆయన పక్క సీట్లో కూర్చుని గేర్లు చెప్తుంటే ఎట్లాగో ముప్పై దాకా వెళ్లాను. తొక్కాను. పెడల్ కింద ఏదో ప్రాణమున్నది తన్నినట్టయింది. నేను కెవ్వున అరిచి కాలు తీసేశాను. వాచ్‌మన్ కూడా నవ్వాడు. నాయన నవ్విన నవ్వుకు అవతల కంటైనర్ల మీద కాకులు లేచాయి.

సోమవారం నుంచి మళ్లీ పనిలోకి వెళ్లాడు. టీ కొట్టు దగ్గర కొత్త మతం పుచ్చుకున్నవాడిలా డ్రైవర్లందరికీ బోధన మొదలుపెట్టాడు. "దడదడమంటే కాలు తియ్యొద్దురా. అది నీ కాలు కాదు, బండి." ఎవరైనా ఎదురు చెప్తే, "మా పాప చేస్తాండాది ఆ సామాను, నీకేం తెలుసు," అనేవాడు. ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నరోజు బస్సులో అంబత్తూరు దాకా నాలో నేను నవ్వుకుంటూ పోయాను.

ఆ మధ్యలో ఒకసారి ఆయన్ను షుగరు ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆయన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాను దారం లాంటి దాంతో అరికాలి మీద అక్కడక్కడా తాకించి, తగిలినప్పుడల్లా చెప్పమంది. దారం తగిలినప్పుడు నాయన తమిళంలో "ఆమా" అన్నాడు, అవునని. తగలనప్పుడు కూడా "ఆమా" అన్నాడు. స్కూల్లో హాజరు పలికినట్టు ఇంత సేపటికొకసారి "ఆమా" అనేశాడు. డాక్టరమ్మ నవ్వి, ఈయన నన్ను మోసం చేస్తున్నాడని నాతో అంది. తర్వాత తట్టితే వణుకుతూ మోగే ఇనుప కడ్డీ ఒకటి బొటనవేలి ఎముక మీద పెట్టి, వణుకు తెలుస్తోందా అని అడిగింది. ఈ జబ్బులో పాదానికి ముందు వణుకు తెలియడం పోతుందని, తర్వాత తాకిడి తెలియడం పోతుందని చెప్పింది. ఒట్టికాళ్లతో తిరగొద్దని మెత్తటి రబ్బరు చెప్పులు రాసిచ్చింది. నాయన బుద్ధిగా వాటిని కొనుక్కున్నాడు, బుద్ధిగా సీటు పక్కన విప్పి పెట్టుకున్నాడు.

నేను ఆ రోజు డాక్టరమ్మను ఇంకో మాట అడగాల్సింది. ఈయన కారు నడపొచ్చా అని. అడగలేదు. ఆదివారం యార్డులో నేను రుజువు చేసిందాన్ని ఒక దారం ముక్క చెరిపేయడం నాకిష్టం లేదు. మా కంపెనీలో ఎర్ర లైటు పడ్డ దిమ్మకు స్టిక్కరు అంటిస్తే ఉద్యోగం పోతుంది. ఇంట్లో అడిగేవాళ్లు లేరు.

ఇంకో రెండు వానాకాలాలు గడిచాయి. మూడోదాంట్లో టీచరమ్మకు కంటి ఆపరేషను పెట్టారు. ఆవిడకు తోడుగా నన్ను రమ్మంటే సెలవు పెట్టి వెళ్లాను. ఆపరేషను అయ్యాక, మధ్యాహ్నం, ఆవిడను కంటికి కట్టుతో వెనక కూర్చోబెట్టి, నేను ముందు కూర్చున్నాను. వాన గట్టిగానే ఉంది. వంతెన దిగుతుంటే ముందు పోతున్న స్కూటరు నీళ్లలో జారి పడింది. ఒకమ్మాయి రోడ్డు మీద, స్కూటరు ఆమెకు కాస్త దూరంగా.

నాయన తొక్కాడు. గరగరమని ఆ శబ్దం, యార్డులో విన్నదే. కారు తిన్నగా ఆగింది. అమ్మాయికీ మాకూ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటుంది. ఆమె లేచి, మోచెయ్యి చూసుకుని, మావైపు చెయ్యెత్తి దండం లాంటిది పెట్టి, స్కూటరు లేపుకుంది.

"చూసినావా నాయనా! కాలు తియ్యలా నువ్వు!" అన్నాను.

ఆయన అద్దంలో వెనక టీచరమ్మను చూశాడు. నెమ్మదిగా గేరు వేసి, దారంతా ఇరవై ముప్పైలోనే నడిపించి, కీల్పాక్ చేర్చాడు. టీచరమ్మను నేను లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టి బయటికొచ్చేసరికి ఆయన షెడ్డులో ఇంకా సీట్లోనే కూర్చుని ఉన్నాడు. డోరు తెరిచి ఉంది. బ్రేకు మీద ఒట్టి పాదం ఉంది.

"పాపా, శబ్దం వినపడింది."

"ఆమా. గట్టిగానే వచ్చింది."

"కాలికి ఏమీ రాలా."

నాకు వెంటనే అర్థమైంది. అయినా తెలివితేటలు ఊరుకోవు. రోడ్డు తేడా ఉండొచ్చు అన్నాను. పెడల్ తన్నుడు అన్నిసార్లూ ఒకేలా ఉండదన్నాను. తొందరలో గమనించి ఉండవన్నాను. ఆయన అడ్డుపడకుండా అంతా విన్నాడు.

"నువ్వు కాలు తియ్యొద్దన్నావు, తియ్యలా," అన్నాడు. "తియ్యాలనే అనిపించలా పాపా. కాలు పెట్టినానో లేదో కూడా కిందికి చూసి తెలుసుకున్నా. బండి ఆగినాక చూసినా, పెడల్ మీదనే ఉండాది."

ఆయన దిగి, చెప్పులు తొడుక్కుని, లోపలికి వెళ్లాడు. టీచరమ్మ కట్టు కట్టిన కన్నుతో మంచం మీద ఉన్నారు. నాయన తాళాలు మంచం పక్క బల్ల మీద పెట్టి, "కాలికి తెలియట్లేదమ్మా. మిమ్మల్ని ఎనక కూర్చోబెట్టుకుని తోలకూడదు," అన్నాడు. ఆవిడ రెండో కన్నుతో నావైపు చూశారు. వాదిస్తాననుకున్నారేమో. గీయడానికి నా దగ్గర బొమ్మేమీ లేదు. నాయన చెప్పింది నిజమేనని చెప్పాను. నాకు ముందే అనుమానం ఉండేదని కూడా చెప్పాను. అది ఆవిడకు వినపడలేదు, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

నాయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "సరే పద, బస్సు దొరుకుతాది," అన్నాడు.

వరండాకు నాలుగు మెట్లు ఉన్నాయి. వాన తగ్గింది. నేను ముందు దిగి, గొడుగు విప్పి, వెనక్కి తిరిగి చూశాను. ఆయన గోడ పట్టుకుని, తల వంచి, కుడిపాదం కింది మెట్టు మీద ఆనిందో లేదో కళ్లతో చూసుకుని, అప్పుడు రెండోది దించాడు. మళ్లీ చూసుకుని, మళ్లీ దించాడు. ఎన్నాళ్లుగా అట్లా దిగుతున్నాడో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం.